చిటికెమ్మ పోయించిన నేల

మా ఇంట్లో కోడళ్లం ఇద్దరం. చిన్నదాన్ని నేను. పెద్దావిడను నేను అక్కా అంటాను, ఆవిడ పనిచేసే చోట అందరూ చిటికెమ్మ అంటారు. ఊరి చివర రెజిన్లు తయారుచేసే కార్ఖానా ఒకటుంది. అందులో అగ్గిపెట్టెంత తూకం గది. ఆ గదిలో కూర్చుని పందొమ్మిదేళ్లుగా ఆవిడ చేసిన పని ఒక్కటే, చిటికెడు పొడి తూచి ఇవ్వడం. బయట పెద్ద పెద్ద పీపాల్లో టన్నుల కొద్దీ జిగురు ఉంటుంది. ఈవిడ గదిలోంచి వెళ్లిన చిటికెడు పడితే తప్ప ఆ టన్నులకు బుద్ధి రాదు.

ఆ గదిలో ఫ్యాను ఉండదు, తిరిగితే త్రాసు వణుకుతుంది. గట్టిగా మాట్లాడకూడదు. నవ్వితే అసలే కుదరదు, పొడి ఎగిరిపోతుంది. మా అక్కేమో పుట్టుకతోనే నవ్వుల మనిషి. పగలంతా ఆపుకున్న నవ్వును మూటగట్టుకుని ఇంటికి తెచ్చి, చెప్పులు విప్పుతూనే ఆ మూటా విప్పేది. బస్సులో ఎవరో ఎవరి భుజం మీదో నిద్రపోయారని నవ్వు. ఆ భుజం గలాయన దిగాల్సిన చోట దిగకుండా కూర్చున్నాడని ఇంకా నవ్వు. మా అత్తయ్య ముందు విసుక్కుని, తర్వాత నోటికి చేయి అడ్డం పెట్టుకుని తనూ నవ్వేవారు. మా బావగారు, అంటే అక్క భర్త, సినిమా హాల్లో టికెట్లు చింపే ఉద్యోగి. రోజూ మూడాటలు చూసే ఆయనకు ఇంట్లో జరిగే నాలుగో ఆటే ఎక్కువ ఇష్టం.

ఆ పొడుల గురించి అక్క చెబుతుంటే నగల కొట్టు గురించి చెబుతున్నట్టు ఉండేది. ఇనుముది ఎరుపు, కోబాల్టుది ముదురాకుపచ్చ, రాగిది నీలం, క్రోమియంది వంగపండు రంగు. అన్నీ ఒకే కుటుంబం. నడుమ ఒక లోహం పరమాణువు, దాన్ని చుట్టుపక్కల నుంచి రెండేసి చేతులతో పట్టుకుని మరికొన్ని అణువులు, పీత పట్టు పట్టినట్టు. దీనికి పుస్తకాల్లో కీలేట్ అని పేరట. ఆ పేరుకు అర్థం కూడా పీత పట్టేనట. కార్ఖానాలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక, వాటన్నిటినీ పీత మందులు అనేవారు. ఎర్రది ఇనుప పీత, ఆకుపచ్చది కోబాల్టు పీత. ఇంటికొచ్చిన కొత్తవాళ్లు మా అక్క ఏదో చేపల బజారులో పని చేస్తోందనుకునేవారు.

వాటి పని ఏమిటని ఒకసారి నేను అడిగాను. జిగురులో చిన్న చిన్న అణువులు ఒకదానికొకటి తెలియనట్టు తిరుగుతుంటాయనీ, ఈ పీత మందు పెళ్లిళ్ల పేరయ్యలా వెళ్లి ఒకదాని చేయి ఇంకోదాని చేతిలో పెడుతుందనీ, అలా అన్నీ కలిసి ఒకే ఒక్క పెద్ద సంసారమై గట్టిపడిపోతాయనీ చెప్పింది. అదంతా ఆవిడ చదువుకున్నది కాదు. పన్నెండో తరగతి దగ్గరే ఆగిపోయిన మనిషి. కార్ఖానా ల్యాబులో పెద్ద కెమిస్టు ఒకాయన ఉన్నారు, అందరూ నిదానం సారు అంటారు. ప్రతి మాటనూ ముందు త్రాసులో వేసి చూసుకుని గానీ బయటికి వదలరు. ఆయన చెప్పగా చెప్పగా ఈవిడకు అబ్బింది.

ఒక ఏడాది మా ఊళ్లో కొత్తగా స్కేటింగ్ హాలు కట్టారు. చక్రాల బూట్లేసుకుని జారే హాలు. దాన్ని నడిపే ఆవిడను అందరూ కోచ్ మేడం అంటారు. యాభై దాటినా రోడ్డు మీద కూడా జారుతున్నట్టే నడుస్తారు. హాలంతా ఒక్క అతుకు లేకుండా ఒకే నేల కావాలని ఆవిడ పట్టు. రంగు ఆకాశంలా ఉండాలన్నారు. ఇనుప పీత పొడిగా ఎరుపే కానీ పలచగా కరిగితే పసుపనీ, అది కలిస్తే నీలం కాస్త ఆకుపచ్చకు తిరుగుతుందనీ నిదానం సారు చెబితే, అయితే సముద్రం అనుకుందాం లెండి అన్నారట. అక్కడితో ఆ నేల పేరు సముద్రం అయిపోయింది.

అతుకు లేకుండా రావాలంటే తెల్లారి మొదలుపెట్టి ఒకే బిగిన పోసెయ్యాలి. రెండు ద్రవాలను బకెట్లో కలిపి, నేల మీద ఒంపి, పళ్ల పారతో పరచాలి. మందు వేయకుండా పోస్తే రెండు రోజులైనా అంటుకుంటూనే ఉంటుంది. ఇనుప పీత వేస్తే బకెట్లోనే పన్నెండు నిమిషాలకు రాయి అవుతుంది. నేల పోసే పనికి మీసాల మేస్త్రి అని ఒకాయన పెద్ద. మొదటి పరీక్ష కార్ఖానా షెడ్డులో జరిగింది. మేస్త్రి బకెట్ కలిపి, మీసం ఒకసారి దువ్వుకుని, ఫోనొస్తే మాట్లాడి, తిరిగి వచ్చి కలిపే కర్ర పట్టుకుని లాగాడు. కర్రతో పాటు బకెట్ కూడా లేచింది. దాన్ని ఊడదీద్దామని ఇద్దరు బకెట్ పట్టుకుంటే, ఇద్దరు కర్ర పట్టుకున్నారు. చివరికి నలుగురూ కింద పడ్డారు, బకెట్ మాత్రం నిటారుగా నిలబడింది. ఆ రోజు తూకం గది కిటికీలోంచి అది చూసిన మా అక్క, పందొమ్మిదేళ్లలో మొదటిసారి డ్యూటీలో నవ్వింది. నాలుగు గ్రాముల ఎర్ర పొడి గోడకు అంటుకుంది.

మందు తగ్గించి చూశారు. బకెట్ బాగానే ఉంది, నేల ఆరలేదు. పెంచి చూశారు. నేల ఆరింది కానీ బకెట్ చేతికి రాలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మేస్త్రి రోజూ ల్యాబు గుమ్మంలో నిలబడి, సముద్రం ఎప్పుడు పోద్దాం సారూ అని అడిగేవాడు. ఆలోచిద్దాం అనేవారు సారు. మూడు వారాలు ఆలోచించారు.

ఒకరోజు పొడిని కరిగించే ద్రావకం అయిపోయింది. స్టోరు తాళంచెవి ఉన్నాయన సెలవు. బల్ల మీద మరో సీసా ఉంది, ఆ ఎర్రపొడిని తయారుచేయడానికి వాడే ఘాటు ద్రవం. పీతలో పట్టుకునే చేతులున్నాయి చూడండి, ఆ చేతులన్నీ విడివిడిగా సీసాలో పోసినట్టన్న మాట. ఈపూటకు దీంతో కరిగించనా అని అక్క అడిగితే, కానివ్వమ్మా అన్నారు సారు, వేరే కాగితం చూసుకుంటూ. అక్క కరిగించింది, ఒక చిన్న కప్పులో పరీక్ష ముద్ద కలిపింది, దుమ్ము పడకుండా మూతపెట్టి భోజనానికి వెళ్లింది.

తిరిగొచ్చి చూస్తే కప్పులో తేనెలా కదులుతోంది. ఇవాళ పాడైందనుకుని బల్ల తుడవబోయింది. కలిపేటప్పుడు బల్ల మీద చిందిన బొట్లు గుడ్డకు రాలేదు. గోటితో గీకింది, రాలేదు. చాకుతో గీకింది, చాకు జారింది. ఒకే కప్పులోది, ఒకే చేత్తో కలిపినది. కప్పులో ఉన్నది తేనె, బల్ల మీద పడ్డది గాజు. మామూలుగా అయితే కుప్పగా ఉన్నది వేడెక్కి ముందు గట్టిపడుతుంది, పలచగా ఉన్నది ఆలస్యం చేస్తుంది. ఇది తిరగబడ్డ వ్యవహారం.

పరుగున వెళ్లి సారుకు చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, తూకంలో ఏదో తేడా వచ్చి ఉంటుందమ్మా అన్నారు.

ఆ సాయంత్రం అక్క చెప్పులు విప్పింది కానీ నవ్వు మూట విప్పలేదు. ఇల్లంతా పడుకున్నట్టు అయిపోయింది. బావగారు మూడో ఆటకు వెళ్లబోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు. అత్తయ్య వచ్చి నుదుటి మీద చేయి వేసి చూశారు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది అత్తయ్యా. నేను తప్పు తూచానంటున్నారు."

కోడలి వంటలో ఉప్పు మీద ఇరవయ్యేళ్లు పోరాడి, ఒక్కసారి కూడా గెలవని మనిషి మా అత్తయ్య. "నువ్వు తప్పు తూచడమేమిటి. రేపు నన్ను తీసుకెళ్లు, ఆయనతో నేను మాట్లాడతాను" అన్నారు. ఆ మాటతో అక్క నవ్వేసింది. అత్తయ్య నిదానం సారుతో మాట్లాడితే ఆయన మొదటి మాట తూచుకునేలోగా ఈవిడ తన మాటల మూటంతా ఖాళీ చేసి ఇంటికొచ్చేస్తారు కదా అని ఊహించుకుని మరీ నవ్వింది.

మర్నాడు అక్క ఒక్కతే వెళ్లింది. ఏడు కప్పులు పెట్టింది. ప్రతి కప్పులో ఘాటు ద్రవం ఒక్కో కొలత. ప్రతిదాంట్లోంచి కొంచెం తీసి గాజు పలక మీద పూసింది, మిగిలింది మూత కింద ఉంచింది. పది నిమిషాలకోసారి పుల్లతో గుచ్చి రాసుకుంది. మధ్యాహ్నానికి సారు కుర్చీ దగ్గరకు ట్రే మొత్తం పట్టుకెళ్లింది. సారు మొదటి మూత తీశారు, రెండోది తీశారు. పలకలన్నీ వేలితో తట్టారు. తర్వాత వంగి ఒక కప్పును దూరం నుంచే వాసన చూశారు, ఘాటుగా ఉంది. గట్టిపడ్డ పలకను చూశారు, వాసన లేదు. కుర్చీలో వెనక్కి వాలారు.

ఆయన చెప్పినది అక్క మాకు పదిసార్లు చెప్పింది. లోహానికి కావలసినన్ని చేతులే ఉంటే అది చురుగ్గా పని చేస్తుందట. చుట్టూ అదనంగా చేతులు తిరుగుతుంటే, ఒకటి వదిలేలోగా ఇంకోటి పట్టేసుకుంటుందట. పేరయ్యను కదలనివ్వకుండా నలుగురు చుట్టూ కూర్చుంటే సంబంధం ఎక్కడ కుదురుతుంది? మూత ఉన్నంతసేపూ ఆ నలుగురూ అక్కడే. నేల మీద పలచగా పరిచామా, ఆ ఘాటు ద్రవం గాలిలోకి లేచిపోతుంది. అప్పుడు పేరయ్య జోరు చూడాలి. అంటే బకెట్లో నిద్ర, నేల మీద మెలకువ.

అంతా చెప్పాక సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారట.

"ఇది కొత్తదేమీ కాదు చిటికెమ్మా. పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. నేను చదివాను కూడా."

"మరి సార్?"

"మరిచిపోయాను."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చదివి మరిచిపోయినాయన, చదవకుండా కనిపెట్టినావిడ. ముందు నవ్వింది సారేనట. ఆయన నవ్వు కూడా నిదానమే, మొదలవడానికి అర నిమిషం పట్టి, ఆగడానికి పావుగంట పట్టిందట. నిన్న తూకం అన్నందుకు ఏమనుకోకమ్మా అని కూడా అన్నారు.

సముద్రం పోసే రోజు వచ్చింది. మందు కొలత అక్కడికక్కడే కలపాలి కాబట్టి అక్కనే హాలుకు పంపమన్నారు సారు. పందొమ్మిదేళ్లుగా తూకం గది దాటి బయట పని చేయని మనిషి. తెల్లారకముందే లేచి, ముసుగు, కళ్లద్దాలు, చేతి తొడుగులు అన్నీ ఇంట్లోనే వేసుకుని అద్దంలో చూసుకుంది. అత్తయ్య గది నుంచి బయటికొచ్చి ఎవరు మీరు అని అడిగారు.

హాల్లో ఇంకా పెద్ద వినోదం ఉంది. తడి నేల మీద నడవడానికి మేకుల చెప్పులు కట్టుకోవాలి. సూదుల మీద నిలబడినట్టు ఉంటుంది, కింద పడ్డ గుర్తు క్షణంలో పూడిపోతుంది. అవి కట్టుకుని అక్క మొదటి నాలుగు అడుగులు కొంగలా వేసింది. మేస్త్రి మీసం కదిలింది కానీ నవ్వు బయటికి రానివ్వలేదు. ఇది గట్టిపడదమ్మా, నేను ముందే చెబుతున్నాను అన్నాడు. ఏడింటికి మొదలుపెట్టారు. బకెట్ తర్వాత బకెట్ మూతలతో నిలబడి తమ వంతు కోసం ఎదురు చూశాయి. ఒక్కటీ గడ్డ కట్టలేదు. పదకొండుకల్లా గోడ నుంచి గోడ వరకూ సముద్రం పరుచుకుంది.

అందరూ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. పన్నెండు అయింది. ఒంటిగంట అయింది. మేస్త్రి గుమ్మంలోంచి వంగి పుల్లతో గుచ్చాడు. పుల్ల మునిగింది. తేనె. గంటలో గట్టిపడాల్సిన నేల రెండు గంటలైనా తేనెలాగే ఉంది. మేస్త్రి అక్క వైపు చూశాడు. కోచ్ మేడం మెట్ల మీద కూర్చుండిపోయారు.

అక్క మనసులో తూకాలన్నీ మళ్లీ వేసుకుంది. అన్నీ సరిపోయాయి. అప్పుడు తలుపు సందులోంచి గుప్పుమని ఘాటు వాసన తగిలింది. ఇంత వాసన లోపల ఎందుకుండాలి? తల ఎత్తి చూసింది. పన్నెండు కిటికీలూ మూసి ఉన్నాయి. ఆఖరి బకెట్ పోస్తుండగా, అక్క వరండాలో త్రాసు సర్దుకుంటున్న వేళ, ఎదురుగా ఉన్న బూరుగు చెట్టు కాయలు పగిలి, గాలికి దూది లేచిందట. అది నేల మీద పడకుండా మేస్త్రి మంచికే కిటికీలన్నీ వేయించాడు. ఘాటు ద్రవం పైకి లేచినా పోవడానికి దారి లేదు. హాలే పెద్ద మూతపెట్టిన కప్పు అయి కూర్చుంది.

కిటికీలు తెరిస్తే దూది. మూస్తే తేనె. అప్పుడు అక్క నాకు ఫోను చేసింది.

"చెల్లీ, మన వీధిలో ఎన్ని దోమతెరలు ఉంటాయి?"

ఎందుకని అడిగే టైము లేదంది. నేను అత్తయ్యకు చెప్పాను. అప్పటిదాకా మోకాళ్ల నొప్పులని మూలుగుతున్న ఆవిడ నాకంటే ముందు వీధిలో ఉన్నారు. ఒక్కో గుమ్మం ముందు నిలబడి, మా కోడలి సముద్రంలో దూది పడుతోంది, మీ దోమతెర ఇవ్వండి అని అడిగారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అయినా అందరూ ఇచ్చారు. మూడో ఇంటి పోస్టుమాస్టరుగారు మధ్యాహ్నం తెర కింద పడుకుని ఉన్నారు. అత్తయ్య నాలుగు కొసలూ విప్పి తెర చుట్టేసుకున్నారు. ఆయన లేవలేదు కూడా. పద్దెనిమిది తెరలతో టాక్సీలో హాలుకు వెళ్లాం. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ, పెద్దమ్మగారూ అక్కడ దోమలు బాగా ఉన్నాయా అని అడిగాడు.

కిటికీలకు బయటి నుంచి నిచ్చెనలు వేసి తెరలు మడిచి రెండేసి వరసలుగా కట్టారు. తడిపి కడితే దూది అంటుకుంటుంది కదా అన్నాడు మేస్త్రి. వద్దు మేస్త్రీ, ఒక్క చుక్క కారినా నేల పాలపొంగులా నురగ తేలుతుంది అంది అక్క. మేస్త్రి నిచ్చెన మీద నుంచే ఆవిడను కాసేపు చూసి, పొడి తెరే కట్టాడు. కిటికీలు తీశారు. గాలి ఒక వైపు నుంచి వచ్చి ఇంకో వైపు నుంచి పోయింది. గులాబీ రంగు, పసుపు రంగు, పువ్వుల అంచు, చిరుగుకు అతుకు వేసినది, అన్ని తెరలూ ఒకేసారి ఊపిరి పీల్చినట్టు ఉబ్బాయి. దూదంతా వాటికి బయట అంటుకుని ఆగింది.

అరగంటకు వాసన తగ్గింది. ఇంకో అరగంటకు మేస్త్రి పుల్లతో గుచ్చాడు. పుల్ల విరిగింది. ఇంకోచోట గుచ్చాడు, అదీ విరిగింది. ఆయన వరసగా ఏడు పుల్లలు విరిచి, ఎనిమిదో దాన్ని చెవి వెనక పెట్టుకుని, వరండాలోకి వచ్చి మీసాలను రెండు చేతులతో పైకి దువ్వి, అక్క ముందు నిలబడ్డాడు.

"చిటికెమ్మా, గట్టిపడదన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. ముసుగు తీసి నవ్వింది, కళ్లద్దాలు తీసి నవ్వింది. కోచ్ మేడం మెట్ల మీద నుంచి లేచి ఆవిడను పట్టుకుని గిరగిరా తిప్పారు. ఫోనులో సంగతి విన్న నిదానం సారు నవ్వు, అర నిమిషం తర్వాత అవతల నుంచి వినిపించింది. ఏం జరిగిందో తెలియకుండానే టాక్సీ డ్రైవరు కూడా నవ్వాడు. మేం ఇంటికి తిరిగొచ్చేసరికి పోస్టుమాస్టరుగారు నిద్రలేచి, తన తెరను ఎవరో ఎత్తుకెళ్లారని వీధంతా వెతుకుతున్నారు.

నేల పూర్తిగా బిగియడానికి ఎనిమిది రోజులు ఆగమన్నారు. తొమ్మిదో రోజు హాలు తెరిచారు. మా వీధి వీధంతా వెళ్లింది, దోమతెరలిచ్చిన హక్కుతో. మూడో కిటికీ దగ్గర నేలలో మూడు దూది పింజలు చిక్కుకుని ఉన్నాయి, సముద్రం మీద మబ్బుల్లా. గీకేద్దామన్నాడు మేస్త్రి. కోచ్ మేడం ఒప్పుకోలేదు. అత్తయ్యను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మేస్త్రి స్వయంగా రెండు చుట్లు తిప్పాడు. రెండో చుట్టుకు మెల్లగా పోతున్నావని ఆయన్ను ఆవిడే తిట్టారు.

ఇప్పుడు మా అక్క తూకం గదిలో సగం రోజులే ఉంటుంది. మిగతా రోజులు మేస్త్రి మనుషులతో కలిసి నేలలు పోయించడానికి వెళ్తుంది. ఆసుపత్రి వరండాలు, ఆటల హాళ్లు, ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ. చేరగానే ముందు కిటికీలు లెక్కపెడుతుందని మేస్త్రి చెబుతాడు. సారు తన పాత పుస్తకాలు రెండు ఇచ్చారు, తను మరిచిపోయినవి ఈవిడ చదివి గుర్తుచేయాలని ఒప్పందం.

నలభై ఆరేళ్ల వయసులో చక్రాల బూట్లు కూడా కట్టింది. ఆదివారం ఆదివారం కోచ్ మేడం నేర్పుతారు. మొదటి నెలంతా పడింది. పడ్డ ప్రతిసారీ తను పోయించిన నేలను అరచేత్తో తట్టి, బాగుంది అని లేచేది. ఇప్పుడు ముందుకు వెళ్లడం బాగా వచ్చింది, మలుపు తిరగడం కూడా వచ్చింది. ఆగడం మాత్రం ఇంకా రాలేదు. ఆగాలనుకున్నప్పుడల్లా గోడ పక్కన కూర్చున్న మా బావగారి వైపు తిరుగుతుంది. ఆయన వెంటనే లేచి, చేతులు చాపి, కళ్లు గట్టిగా మూసుకుంటారు.